పిడికెడు బియ్యం, పదో వంతు

పొయ్యి మీద ఎసరు మరుగుతుంటుంది. బియ్యం డబ్బా మూత తీసి, ఇంట్లో ఎంతమంది తింటారో లెక్క చూసుకుని గ్లాసుతో గిన్నెలోకి కొలిచి పోస్తారు. కడగబోయే ముందు, కొలిచిన ఆ బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి పక్కనున్న చిన్న కుండలో వేస్తారు. తెలుగు పల్లెల్లో చాలా క్రైస్తవ కుటుంబాలకు ఇది తరాలుగా తెలిసిన పని. పిడికెడు బియ్యం అంటారు. ఆదివారం ఆ కుండను గుడికి తీసుకెళ్ళి అందరి బియ్యంతో కలిపి పోస్తారు. ఒకరివి కొత్త బియ్యం, ఒకరివి పాతవి, ఒకరివి రేషన్‌వి. అన్నీ కలిసిన ఆ బియ్యాన్ని వండితే కొన్ని మెతుకులు మెత్తబడిపోతాయి, కొన్ని పలుకుగా ఉండిపోతాయి. ఊరంతా కలిస్తే అన్నం అలాగే ఉంటుంది.

ఇందులో చిన్న విషయం ఒకటుంది, తేలిగ్గా కంటికి ఆనదు. పిడికెడు తీసేది డబ్బాలోంచి కాదు, ఆ పూటకని కొలిచిన గిన్నెలోంచి. డబ్బాలోంచి తీస్తే నెలాఖరుకి ఎప్పుడో తగ్గుతుంది. గిన్నెలోంచి తీస్తే ఆ పూటే ఎవరి కంచంలోనో తగ్గుతుంది. చాలా ఇళ్ళలో అది అందరికంటే చివర తినే అమ్మ కంచమే.

దేవునికి ఇవ్వడం గురించి మన సంఘాల్లో జరిగే చర్చ ఎక్కువగా ఒక అంకె చుట్టూ తిరుగుతుంది. పది శాతం తప్పనిసరా, కాదా? జీతంలో పీఎఫ్, ట్యాక్స్ పోయాక లెక్కించాలా, పోకముందా? కౌలు రైతైతే కౌలు బస్తాలు, ఎరువుల అప్పు తీసేశాక మిగిలినదాని మీదా, కళ్ళంలో రాశిపోసిన మొత్తం మీదా? ఇవి తేలిక ప్రశ్నలు కావు. ఒకటో తారీఖున భార్యాభర్తలు కూర్చుని నిజంగా మాట్లాడుకునేవే. కానీ బైబిల్‌లో దశమభాగం ఉన్న చోట్లన్నీ వరసగా చదివితే, అంకె కంటే గట్టిగా మరో మూడు ప్రశ్నలు వినిపిస్తాయి: ఇచ్చేవాడి దగ్గర ఏం ఉంది, ఇచ్చింది ఎవరికి చేరింది, ఇచ్చాక ఇంట్లో ఏం మిగిలింది. ఈ మూడూ వదిలేసి అంకెను మాత్రమే పట్టుకుంటే దశమభాగం పన్నుగా మారిపోతుంది. చరిత్రలో అలా మారింది కూడా.

మొక్కుబడి ఒకటి, కృతజ్ఞత ఒకటి

మోషే ధర్మశాస్త్రం రాకముందే పదో వంతు మాట ఆదికాండంలో రెండుసార్లు వస్తుంది. ఆ రెండూ ఒకే రకం కావు.

మొదటిది అబ్రాముది. శత్రు రాజులు పట్టుకుపోయిన లోతును విడిపించుకుని తిరిగొస్తుంటే షాలేము రాజు మెల్కీసెదెకు రొట్టె, ద్రాక్షారసం తెచ్చి దీవించాడు. అబ్రాము అతనికి అన్నింటిలో పదో వంతు ఇచ్చాడు. ఇమ్మని ఎవరూ అడగలేదు. ఇస్తే ఇంకేదో వస్తుందన్న మాట కూడా అక్కడ లేదు. పైగా ఆ వెంటనే సొదొమ రాజు సొమ్మంతా నువ్వే ఉంచుకోమంటే, నూలుపోగు గానీ చెప్పుల వారు గానీ తీసుకోనని అబ్రాము చెప్పేశాడు. ఒక చేత్తో ఇచ్చినవాడు రెండో చేత్తో తీసుకోలేదు.

రెండోది యాకోబుది. అన్నకు భయపడి ఇల్లు విడిచి పారిపోతూ, బేతేలులో రాయి తలకింద పెట్టుకుని పడుకున్న కుర్రవాడు. పొద్దున్నే లేచి మొక్కుకున్నాడు: దేవుడు తోడుండి, తిండీ బట్టా ఇచ్చి, క్షేమంగా ఇంటికి చేరిస్తే, ఇచ్చిన దాంట్లో పదో వంతు తప్పక ఇస్తాను. తెలుగువాళ్ళకి ఇది అర్థం కావడానికి వ్యాఖ్యానం అక్కర్లేదు. ఇది ముడుపు. భయంలో ఉన్న మనిషి దేవుడితో కుదుర్చుకునే ఒప్పందం. యాకోబు ఆ మాట చెల్లించాడో లేదో ఆదికాండం చెప్పదు. దేవుడు మాత్రం అతణ్ణి వదల్లేదు. అందుకే మొక్కుకుని ఇచ్చేవాళ్ళని తక్కువ చేసి మాట్లాడటం తప్పు. బిడ్డ జ్వరం తగ్గితే గుడికి కుర్చీలు ఇస్తానన్న తల్లి యాకోబు పక్కనే నిలబడింది. అయితే ఆమె నడవాల్సిన దారి యాకోబు దగ్గర మొదలై అబ్రాము వైపు వెళ్తుంది. ఆ దారిలో ఆమెను నడిపించాల్సింది పోయి, యాకోబు ఒప్పందాన్నే పెద్దది చేసి అమ్మే బోధ ఒకటుంది. దాని సంగతి తర్వాత.

తొమ్మిది గొర్రెలున్నవాడు

ధర్మశాస్త్రంలో దశమభాగం నేల నుంచి, మంద నుంచి లెక్కించారు. ధాన్యం, ద్రాక్షారసం, నూనె, చెట్ల పళ్ళు, పశువులు. లేవీయకాండం చివరి అధ్యాయంలో లెక్క విధానం కూడా ఉంది. గొర్రెలు, మేకలు, పశువులు కాపరి కర్ర కింద నుంచి ఒక్కొక్కటే నడుస్తాయి. పదోది దేవునిది. అది మంచిదా, బక్కదా అని ఏరకూడదు. ఈ లెక్కను కాసేపు కళ్ళతో చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. తొమ్మిదే గొర్రెలున్నవాడి మందలో పదో గొర్రె రాదు. అతని తొమ్మిదీ కర్ర కింద నుంచి నడిచి ఇంటికి వెళ్ళిపోతాయి.

ఇక ఎవరికి ఇవ్వాలి? సంఖ్యాకాండం ప్రకారం లేవీయులకు. మిగతా గోత్రాలకు భూమి వాటా వచ్చింది, మందిర సేవ చేసే లేవీయులకు అలాంటి వాటా రాలేదు. వాళ్ళ భూమికి బదులు ఈ పదో వంతు. తీసుకున్న లేవీయులు కూడా అందులో పదో వంతు యాజకులకు ఇవ్వాలి. అంటే తీసుకునే చేతులకూ ఇచ్చే బాధ్యత ఉంది.

ద్వితీయోపదేశకాండం 14వ అధ్యాయం ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. ప్రతి ఏటా పంటలో పదో వంతు తీసుకుని దేవుడు ఏర్పరచుకున్న చోటికి వెళ్ళి, అక్కడ దేవుని సన్నిధిలో ఇంటిల్లిపాదీ కలిసి తినాలి. దూరమైతే అమ్మి వెండిగా మార్చి మూటకట్టుకుని వెళ్ళి, అక్కడ మనసుకు నచ్చింది కొనుక్కుని తిని సంతోషించాలి. ఊళ్ళో ఉన్న లేవీయుణ్ణి మరిచిపోకూడదు. దశమభాగం మీద మన దగ్గర వినిపించే ప్రసంగాల్లో ఈ భాగం ఎంత అరుదో! దేవునికిచ్చిన దాన్ని దేవుని ముందు కూర్చుని అందరూ కలిసి తినడం. మన సంఘాల్లో ఆరాధన తర్వాత పెట్టే ప్రేమవిందుకి ఇంతకంటే పాత ఆధారం వెతకక్కర్లేదు.

మూడో ఏట మాత్రం ఆ పదో వంతు ఎక్కడికీ కదలదు. ఊరి గుమ్మాల దగ్గరే కూడబెట్టాలి. లేవీయుడు, పరదేశి, తండ్రిలేని బిడ్డ, విధవరాలు వచ్చి తృప్తిగా తినాలి. ఏడేళ్ళ చక్రంలో మూడో ఏడూ ఆరో ఏడూ ఇలా పేదలకని, ఏడో ఏట భూమికే విశ్రాంతి కాబట్టి దశమభాగమే ఉండదని యూదుల సంప్రదాయం లెక్క తేల్చింది. వీటితోపాటు పొలం అంచులు కోయకుండా వదిలెయ్యాలి, రాలిన పరిగె ఏరుకోకుండా పేదలకు వదలాలి. రూతు కథ మొత్తం ఆ పరిగె మీదే నడిచింది.

కాబట్టి విధవరాలు, అనాథ, పరదేశి ధర్మశాస్త్రంలో దశమభాగం అందుకునే వైపు ఉన్నారు. భూమిలేని కూలీ ఇవ్వాలని ఎక్కడా రాయలేదు, ఎందుకంటే లెక్క పంట మీద, మంద మీద. ఈ మాట తెలుగు నేల మీద చెప్పుకున్నప్పుడు బరువెక్కుతుంది. పందొమ్మిదో శతాబ్దం రెండో సగం నుంచి గుంపులు గుంపులుగా క్రైస్తవంలోకి వచ్చిన తెలుగువాళ్ళలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవాళ్ళు. ఊరి పొలాలన్నీ దున్నినా తమ పేరున సెంటు భూమి లేనివాళ్ళు చాలామంది. మోషే కాలంలో పుట్టి ఉంటే ఊరి గుమ్మం దగ్గర దశమభాగం అందుకోవాల్సినవాళ్ళు. అయినా వాళ్ళు ఇచ్చారు. ఎవరూ వాళ్ళని ఇవ్వకుండా ఆపలేదు, ఆపకూడదు కూడా. తరతరాలుగా పుచ్చుకునేవాళ్ళుగానే చూడబడిన మనుషులు, మేమూ ఇవ్వగలం అని నిలబడటంలో ఉన్న గౌరవాన్ని ఏ లెక్కా కొలవలేదు. పిడికెడు బియ్యం గొప్పతనం అదే. కర్ర కింద నుంచి నడిపించడానికి గొర్రెలు లేనివాళ్ళకి కూడా పిడికిలి ఉంటుంది.

యూరప్‌లో ఇదంతా వేరే దారి పట్టింది. తొలి శతాబ్దాల క్రైస్తవులు ఇష్టపూర్వకంగా ఇచ్చుకునేవాళ్ళు. నెలకోసారి ఎవరి శక్తి కొద్దీ వాళ్ళు వేసే పెట్టె ఉండేదని, బలవంతం లేదని, అది పేదల తిండికీ అంత్యక్రియలకీ అనాథలకీ ఖర్చయ్యేదని తొలినాటి క్రైస్తవ రచయిత టెర్టుల్లియన్ రాశాడు. 585లో ఫ్రాన్స్‌లోని మాకోన్‌లో కూడిన బిషప్పుల సభ పదో వంతు ఇవ్వనివాళ్ళని వెలివేస్తామంది. 779లో ఫ్రాంకుల రాజు షార్లమేన్ దాన్ని రాజ్య చట్టం చేశాడు. ఆ తర్వాత వెయ్యేళ్ళు రైతు గడప ముందు పదో కట్ట కోసం మనిషి వచ్చి నిలబడ్డాడు. ఫ్రాన్స్‌లో విప్లవం మొదలైన 1789లోనే జనం దాన్ని రద్దు చేయించుకున్నారు. ఇంగ్లండ్ 1836లో ధాన్యం బదులు డబ్బుగా మార్చింది. చట్టం వెనకుండి వసూలు చేసినన్నాళ్ళూ దశమభాగం రైతుకి కానుకగా కాక బాకీగానే కనిపించింది.

మలాకీ వాక్యానికి ముందు రెండు పేజీలు

దశమభాగం మీద ప్రసంగం అంటే మలాకీ ప్రవక్త పుస్తకంలోని 3:10 రాకుండా ఉండదు. పదియవ భాగమంతా నా మందిరపు నిధిలోకి తెండి, నన్ను శోధించి చూడండి, ఆకాశపు వాకిండ్లు విప్పి పట్టజాలనంత దీవెన కుమ్మరిస్తాను. చాలా ఇళ్ళలో గోడ క్యాలెండర్ మీద కూడా ఉండే మాట. గొప్ప వాగ్దానం. కానీ ఆ వాక్యాన్ని ఒంటరిగా కోసి తెచ్చుకోవడం వల్ల జరిగిన నష్టం చిన్నది కాదు.

అదే వాక్యంలో ఒక ముక్క ఉంది, చదివేటప్పుడు గొంతు దాని మీద ఆగదు: నా మందిరంలో ఆహారం ఉండేలా. నిధి అంటే ఇక్కడ ధాన్యపు గది. ఆ గదిలో ఏం జరుగుతోందో దాదాపు అదే కాలం గురించి రాసిన నెహెమ్యా 13వ అధ్యాయం చెబుతుంది. దశమభాగాలు నిలవ చేసే పెద్ద గదిని యాజకుడు ఎల్యాషీబు తన బంధువు టోబీయాకి బసగా ఇచ్చేశాడు. లేవీయులకి రావాల్సిన భాగాలు రాలేదు. పాటలు పాడేవాళ్ళు, సేవ చేసేవాళ్ళు మందిరం వదిలి పొట్టకూటి కోసం ఎవరి పొలాలకి వాళ్ళు వెళ్ళిపోయారు. అధికారిగా ఉన్న నెహెమ్యా వచ్చి టోబీయా సామానంతా బయట పారేయించి, గది శుభ్రం చేయించాడు. అప్పుడు జనం ధాన్యం, ద్రాక్షారసం, నూనె మళ్ళీ తెచ్చారు. ఆ వెంటనే అతను చేసిన పని, నమ్మకస్తులని పేరున్న కొందరిని ఆ నిధుల మీద నియమించడం. జనం ఇవ్వకపోవడానికి, పెద్దలు గదిని సొంతానికి వాడుకోవడానికి సంబంధం ఉందని ఆ అధ్యాయం దాచలేదు.

మలాకీ పుస్తకం కూడా అలాగే మొదలవుతుంది. మొదటి అధ్యాయంలో కోపం యాజకుల మీద: గుడ్డి పశువును, కుంటి పశువును, రోగం పట్టిన పశువును బలిపీఠం మీదికి తెస్తున్నారే, మీ అధికారికి అలాంటిది ఇచ్చి చూడండి, తీసుకుంటాడా? మూడో అధ్యాయంలో పదియవ భాగం మాటకి సరిగ్గా ఐదు వచనాల ముందు దేవుడు ఎవరికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్తానంటున్నాడో చదవాలి. కూలివాడి కూలి విషయంలో అన్యాయం చేసేవాళ్ళు, విధవరాళ్ళనీ తండ్రిలేనివాళ్ళనీ బాధపెట్టేవాళ్ళు, పరదేశికి అన్యాయం చేసేవాళ్ళు. ముందు ఆ మాట, తర్వాతే ఈ మాట. పనిమనిషికి రెండు నెలల జీతం బాకీ పెట్టి గుడిలో పదో వంతు కవరు వేస్తే 10వ వచనం చదివినట్టు, 5వ వచనం దాటేసినట్టు.

విత్తనం వెయ్యండి, నూరంతలు కోస్తారు అని టీవీల్లో, పెద్ద పెద్ద సభల్లో చేసే బోధ ఈ వచనం మీదే ఎక్కువగా ఆనుకుంటుంది. అప్పు తీరాలంటే వెయ్యండి, వీసా రావాలంటే వెయ్యండి, గర్భం నిలవాలంటే వెయ్యండి. ఎక్కువ కష్టంలో ఉన్నవాళ్ళే ఎక్కువ వేస్తారు. ఫలితం రాకపోతే నీ విశ్వాసం చాలలేదు అంటారు. డబ్బుకి డబ్బు పోయి, దేవుడు నన్ను వదిలేశాడన్న దిగులు మిగులుతుంది. మలాకీ ఆ వాగ్దానం చేసింది ఒక జనానికి, వాళ్ళ నేలకి, వాళ్ళ పంటకి. తర్వాతి వచనంలోనే పంటను తినే పురుగును గద్దిస్తాననీ, ద్రాక్షచెట్లు కాయలు రాల్చవనీ ఉంది. ఊరంతా కలిసి న్యాయంగా ఇస్తే ఊరంతా కలిసి బతుకుతుందన్న మాట అది. ఒక్కో మనిషికి విడివిడిగా వడ్డీ లెక్క చెప్పిన మాట కాదు.

ఏం మిగిలింది

నెలకు పన్నెండు వేలు తెచ్చుకునే మనిషి పదో వంతు తీస్తే మిగిలేది పదివేల ఎనిమిది వందలు. అద్దె, గ్యాస్, డ్వాక్రా వాయిదా, పిల్లల బడి ఆటో. నెలకు రెండు లక్షలు వచ్చే మనిషి పదో వంతు తీస్తే మిగిలేది లక్షా ఎనభై వేలు. కానుకల పుస్తకంలో ఒకచోట 1,200 అని, ఒకచోట 20,000 అని రాస్తారు. రేటు ఒకటే, బరువు ఒకటి కాదు. రెండో ఇంట్లో ఆ నెల ఏ పనీ ఆగలేదు. మొదటి ఇంట్లో ఏదో ఒకటి ఆగింది.

యేసు మందిరంలో కానుక పెట్టె ఎదురుగా కూర్చుని చూసింది ఈ తేడానే. ధనవంతులు చాలా వేశారు, పేద విధవరాలు రెండు కాసులు వేసింది. ఆమే అందరికంటే ఎక్కువ వేసిందన్నాడు, ఎందుకంటే వాళ్ళు సమృద్ధిలోంచి వేశారు, ఆమె లేమిలోంచి తన జీవనమంతా వేసింది. వేసిన చేతిని కాక ఆ చేతిలో ఏం మిగిలిందో చూసి లెక్కగట్టాడు. ఆ లెక్కలో ఆమె ఇచ్చింది నూటికి నూరు శాతం, కానీ శాతం మాట ఆయన ఎత్తలేదు.

ఈ సంఘటనకు ముందు వచనం కూడా చదవాలి. విధవరాండ్ర ఇళ్ళు మింగివేస్తూ, చూపుకోసం దీర్ఘ ప్రార్థనలు చేసే శాస్త్రుల గురించి, అంటే ధర్మశాస్త్రం బోధించేవాళ్ళ గురించి, యేసు హెచ్చరించిన వెంటనే ఈమె వస్తుంది. తర్వాతి అధ్యాయం మొదట్లోనే ఆ మందిరం రాయి మీద రాయి నిలవకుండా పోతుందన్నాడు. ఆమె చివరి రెండు కాసులు పడింది కూలిపోబోయే కట్టడంలో. అందుకే కొందరు వ్యాఖ్యాతలు దీన్ని మెచ్చుకోలుగా కాక, విధవరాలి నుంచి చివరి కాసు కూడా తీసుకున్న వ్యవస్థ మీద దుఃఖంగా చదువుతారు. రెంటిలో ఏదో ఒకటే ఎంచుకోవాలని లేదు. ఆమె ప్రేమ నిజం, ఆమెను ఆ స్థితిలో వదిలేసిన మందిరం తప్పూ నిజం. ఆమె కథ చెప్పి కానుక ఎత్తే సంఘం, ఆ సాయంత్రం ఆమె ఇంట్లో పొయ్యి వెలిగిందో లేదో వెళ్ళి చూడాలి. చూడని సంఘానికి ఆమె కథ చెప్పే హక్కు లేదు.

ఇంటివాళ్ళ నోరు కొట్టి గుడికి ఇవ్వడం గురించి యేసు ఇంకా సూటిగా మాట్లాడాడు. అమ్మానాన్నలకి ఇవ్వాల్సింది కొర్బాను, అంటే దేవునికి అర్పించేశాను అని చెప్పి తప్పించుకునేవాళ్ళని, దేవుని ఆజ్ఞను మీ ఆచారంతో కొట్టేస్తున్నారని మందలించాడు. తల్లి బీపీ మాత్రలు ఆపి ఇచ్చిన కానుక త్యాగం కాదు. అందులో త్యాగం ఎవరిదన్నా ఉంటే అది ఆ తల్లిది, ఆమెను అడగకుండా తీసుకున్నది. పౌలు కూడా కొరింథు సంఘానికి ఇదే చెప్పాడు: సిద్ధమైన మనసుంటే చాలు, ఉన్నదాన్ని బట్టి ఇచ్చింది ప్రీతికరం, లేనిదాన్ని బట్టి కాదు.

మరి త్యాగం అంటే ఏంటి? దావీదు మాట ఇక్కడ గట్టిగా నిలబడుతుంది. తెగులు ఆగడానికి బలిపీఠం కట్టాల్సి వచ్చినప్పుడు అరౌనా తన కళ్ళం, ఎడ్లు, నూర్చే సామాను కట్టెల కింద ఉచితంగా ఇస్తానన్నాడు. రాజు ఒప్పుకోలేదు. నాకు ఖర్చు కాని దాన్ని నా దేవునికి బలిగా ఇవ్వను అని యాభై తులాల వెండి ఇచ్చి కొన్నాడు. ఉచితంగా దొరికే అవకాశం ఉండి, అడిగితే ఎవరూ తప్పుపట్టని చోట కూడా తన జేబులోంచి తీశాడు. ఉన్నవాళ్ళు నేర్చుకోవాల్సిన పాఠం ఇది. రెండు లక్షల జీతగాడికి పది శాతం గీత కాదు, గడప. అక్కడ ఆగిపోవడానికి ధర్మశాస్త్రాన్ని అడ్డం పెట్టుకునే వీలు కూడా లేదు, ఎందుకంటే పేదల భాగం, పరిగె, ప్రథమ ఫలాలు కలిపితే ఇశ్రాయేలు రైతు ఇచ్చింది పదికి చాలా పైనే.

మూతకి బెజ్జం పెట్టిన పెట్టె

కానుక పెట్టె ఎలా పుట్టిందో రెండో రాజుల గ్రంథం 12వ అధ్యాయంలో ఉంది. యోవాషు రాజు మందిరం బాగుచేయించమని, వచ్చే డబ్బు యాజకులు తీసుకుని పని చూడమని చెప్పాడు. అతని ఏలుబడి 23వ ఏడు వచ్చినా గోడ బీటలు అలాగే ఉన్నాయి. రాజు యాజకులను పిలిచి అడిగాడు, ఇక మీ చేతికి డబ్బు వద్దన్నాడు. అప్పుడు యాజకుడు యెహోయాదా ఒక పెట్టె తెచ్చి, మూతకి బెజ్జం పెట్టి, బలిపీఠం పక్కన లోపలికి వచ్చేవాళ్ళకి కుడి చేతివైపు ఉంచాడు. పెట్టె నిండినప్పుడు రాజు లేఖకుడు, ప్రధాన యాజకుడు ఇద్దరూ కలిసి లెక్కపెట్టి సంచుల్లో కట్టి, వడ్రంగులకి, తాపీవాళ్ళకి, రాళ్ళు కొట్టేవాళ్ళకి ఇచ్చారు. ఎవరినీ దొంగ అని అనలేదు. కానీ లెక్క ఒక్కరి చేతిలో ఉండకూడదని తేల్చారు.

పౌలు యెరూషలేము పేదల కోసం అన్యజనుల సంఘాల్లో చందా పోగుచేసినప్పుడూ ఇదే జాగ్రత్త. ఇంత పెద్ద మొత్తం విషయంలో ఎవరూ తప్పుపట్టకుండా, ప్రభువు దృష్టిలోనే కాక మనుషుల దృష్టిలో కూడా సరిగ్గా ఉండాలని, సంఘాలు ఎంచుకున్న మనుషుల్ని తోడు పంపాడు. అపొస్తలుడే సాక్షులు కావాలన్నాడు. ఈ రోజు ఏ పాస్టరయ్యగారినైనా రసీదు పుస్తకం ఉందా అండీ అని అడిగితే అవిశ్వాసం అనుకోకూడదు. ఆరాధన అవగానే ఇద్దరు ముగ్గురు కలిసి బల్ల మీద డబ్బు పోసి లెక్కపెట్టి సంతకాలు పెట్టే సంఘాలు మన దగ్గర చాలానే ఉన్నాయి. ఏడాదికోసారి జమాఖర్చు చదివే సంఘాలూ ఉన్నాయి. అక్కడ జనం ఇవ్వడం తగ్గదు.

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్ళు తమ ఊరి గుడికి పంపేటప్పుడు విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కూడా తెలుసుకోవాలి. భారత పౌరసత్వం ఉండి కువైట్‌లోనో దుబాయ్‌లోనో పనిచేసేవాళ్ళు సొంత సంపాదన నుంచి మామూలు బ్యాంకు దారిలో పంపితే అది విదేశీ విరాళం కింద రాదు. అమెరికా, బ్రిటన్ పౌరసత్వం తీసుకున్నవాళ్ళు పంపితే, సొంత ఊరికే అయినా, విదేశీ విరాళమే. ఆ చట్టం కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేని సంస్థ దాన్ని తీసుకోకూడదు. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందుగా ఢిల్లీ స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలోని ఖాతాకే రావాలి. మంచి మనసుతో పంపిన డబ్బు ఊళ్ళో పాస్టరయ్యకి కేసుగా మారకుండా చూసుకోవడం కూడా ఇవ్వడంలో భాగమే.

డోర్నకల్ నేర్పింది

తెలుగు క్రైస్తవులు ఇవ్వడం గురించి మాట్లాడుతూ అజరయ్య గారి పేరు తలవకపోతే కుదరదు. వేదనాయకం శామ్యూల్ అజరయ్య తమిళుడు, తిరునల్వేలి ప్రాంతంవాడు. 1903లో అక్కడి క్రైస్తవులు తమ డబ్బుతో, తమ మనుషులతో నడిచే మిషనరీ సంఘం పెట్టినప్పుడు ముందున్నవాళ్ళలో ఒకడు. ఆ సంఘం తెలుగు పల్లెలను ఎంచుకుంది. ఆయనే 1909లో డోర్నకల్ వచ్చాడు, తెలుగు నేర్చుకున్నాడు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో ఆంగ్లికన్ సంఘానికి తొలి భారతీయ బిషప్‌గా అభిషేకం పొందాడు. ఆయన మేత్రాసనంలో, అంటే బిషప్‌గా ఆయన కిందున్న సంఘాల్లో, ఎక్కువమంది పల్లెటూరి పేదలు. పేదవాళ్ళ దగ్గర ఏముంది, విదేశీ డబ్బుతో నడిపిద్దాం అన్న ఆలోచన ఆయనకి నచ్చలేదు. ఇవ్వడం నేర్పకపోతే ఆ మనుషుల్ని తక్కువ చేసినట్టే అన్నది ఆయన పట్టుదల. డబ్బు లేనివాళ్ళు వస్తువుగా ఇచ్చారు: బియ్యం, ధాన్యం, కోళ్ళు, శ్రమ.

ఈ రోజుకీ పంట పండుగ నాడు ఆ వాసన కొంత మిగిలే ఉంది. పాక మీద కాసిన మొదటి ఆనపకాయ, కాళ్ళు కట్టిన కోడి, అరటి గెల, తట్టలో కొత్త ధాన్యం బలిపీఠం ముందు వరసగా పెడతారు. ఆరాధన అయ్యాక వేలం. ఐదు రూపాయల నిమ్మకాయ ఐదు వందలకి వెళ్తుంది. కొన్నాయన మళ్ళీ గుడికే ఇచ్చేస్తే మళ్ళీ పాట మొదలవుతుంది. పిల్లలు సందడి చేస్తారు. ఈ సంతోషంలో పంతాలు కూడా కలుస్తాయి, ఫలానావాళ్ళ కంటే మనం తగ్గకూడదు అని. ఫ్యానుల మీద, కుర్చీల మీద దాతల పేర్లు రాయించుకునే అలవాటు కూడా అక్కడి నుంచి పెద్ద దూరం కాదు. కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న మాటకి అది ఎంత దూరమో వేలం పాడేవాళ్ళకి తెలియంది కాదు.

1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో అజరయ్య మాట్లాడాడు. ఎదురుగా కూర్చున్నవాళ్ళు భారతదేశానికి డబ్బిచ్చినవాళ్ళు, ప్రాణాలు కూడా ఇచ్చినవాళ్ళు. పేదల తిండికి మీ ఆస్తి ఇచ్చారు, కాల్చబడటానికి మీ శరీరాలిచ్చారు, మేం ప్రేమ కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితుల్ని ఇవ్వండి అన్నాడు. అప్పట్లో అది చాలామందికి ముల్లులా గుచ్చుకుంది. త్యాగం చేసినవాళ్ళకి కూడా చెప్పాల్సిన మాటే చెప్పాడాయన. ఇచ్చే మనిషి పుచ్చుకునే మనిషితో ఒకే బల్ల దగ్గర కూర్చోకపోతే, ఇచ్చింది ఎంతైనా వెలితి ఉంటుంది. అదే 1910లో, మిజోరంలో ప్రెస్బిటేరియన్ సంఘం స్త్రీలు వండే ప్రతిసారీ పిడికెడు బియ్యం పక్కన పెట్టడం మొదలుపెట్టారు. ఇప్పటికీ ఆ బియ్యం మీద వచ్చే డబ్బు ఆ సంఘం సేవకి పెద్ద ఆధారం.

ద్వితీయోపదేశకాండం 26వ అధ్యాయంలో, మూడో ఏటి పదో వంతు ఇచ్చేశాక రైతు దేవుని ముందు నిలబడి గట్టిగా చెప్పాల్సిన మాటలున్నాయి. నేను పది శాతం ఇచ్చాను అని చెప్పమనలేదు. ప్రతిష్ఠితమైన దాన్ని నా ఇంట్లోంచి తీసేశాను, లేవీయుడికి, పరదేశికి, తండ్రిలేని బిడ్డకి, విధవరాలికి ఇచ్చాను, నీ ఆజ్ఞ మరిచిపోలేదు, నా దుఃఖ సమయంలో కూడా దానిలో నేను తినలేదు అని చెప్పాలి. ఎవరెవరికి చేరిందో ఒక్కొక్కరినీ పేరుపెట్టి చెప్పాక, అప్పుడు అడగాలి: నీ పరిశుద్ధ నివాసంలోంచి, ఆకాశంలోంచి చూడు, నీ జనాన్ని దీవించు, నువ్విచ్చిన ఈ నేలను దీవించు అని.